ఉద్దిని సాగనంపిన కోలాటం

జనగామ జిల్లా పాలకుర్తి చుట్టుపక్కల కోలాటం నేర్పే తీరులో గొప్ప సంస్కరణ వచ్చింది. కోలకు కోల తగలాల్సిన పని లేదిక. తగిలితే సంతోషం, తగలకుంటే స్పీకర్లో చప్పుడు ఉండనే ఉంది. చీరల రంగు మాత్రం కలవాలి. అది కలిశాక కోల ఎటుపోతేనేం?

నేర్పేవాళ్ల కేక కూడా మారింది: "అక్కా, పక్కకు సూడకు, సెల్లు దిక్కు సూడు! నవ్వాలె, నవ్వాలె!"

పక్కకు చూడకుండా ఆడే కోలాటం! కాకతీయుల కాలంలో నాట్యశాస్త్రం రాసిన జాయప సేనానికి కూడా తట్టని ఆలోచన. ఈ ఆటలో ఎవరి ఉద్ది, అంటే ఎవరి జత మనిషి, వాళ్లకుంటుంది. లోపలి వరసకు బయటి వరస ఎదురు నిలుస్తుంది. ఎదుటి మనిషి కోల ఎంత ఎత్తున వస్తోంది, ఎంత ఊపున వస్తోంది, ఆమెది ఎడమచేతి వాటమా, మోకాలి నొప్పితో అర అడుగు వెనకబడుతోందా, అంతా కంటితోనే పసిగట్టాలి. పసిగట్టకపోతే మన వేళ్ల కణుపులే చెబుతాయి. కొట్టి, తిరిగి, పక్క మనిషికి మారి, మళ్లీ కొట్టి, చుట్టంతా తిరిగొచ్చి మొదటి ఉద్ది ముందు నిలబడాలి. కోపు, అంటే ఆ ఆట వరస, కుదిరిందా లేదా అన్నది అప్పుడు తేలుతుంది.

ఇక జడకోపు సంగతి. పైన కట్టిన రంగురంగుల తాళ్లు కిందికి వేలాడుతుంటాయి. ఒక చేత తాడు, ఇంకో చేత కోల. ఒకరు లోపలి నుంచి, ఒకరు బయటి నుంచి దూరుకుంటూ పోతుంటే నెత్తిమీద జడ అల్లుకుంటుంది. అక్కడికి సగం పనే అయినట్టు. పాట ఆగకుండా, వచ్చిన దారినే వెనక్కి నడిచి ఆ జడను విప్పాలి. ఒక్కరు తప్పినా తాడు ముడి పడుతుంది, తప్పిందెవరో ఊరందరికీ తెలిసిపోతుంది. అందుకే రాత్రుళ్లు గుడి ముందు చేరి, తిట్లు తిని మరీ నేర్చుకునేవాళ్లు.

కొత్త పాఠంలో ఈ కష్టాలేవీ లేవు. జడకోపు పెట్టినా అల్లడం వరకే. విప్పడం అరనిమిషం రీల్లో ఇమడదు కదా! కత్తెర ఒకటి దగ్గరుంచుకుంటే చాలు. మిగతా ఆటంతా అందరూ ఒకే దిక్కు తిరిగి ఒకే స్టెప్పు వేయడమే. బేసి మనిషి వచ్చినా బెంగ లేదు, ఒకరు ఎగ్గొట్టినా ఆట ఆగదు. ఆ భుజం ఊపే వినాయకుడి నిమజ్జనానికి, ఆ ఊపే బతుకమ్మకు, ఆపైన బరాత్‌కు. ఒక్క స్టెప్పుతో ఇద్దరు దేవుళ్లు, ఒక పెళ్లికొడుకు తృప్తిపడుతున్నారు.

ఇదేమని అడిగితే మాస్టర్లు మైకు అందుకుంటారు. "సోమనాథుడి గడ్డ! కాకతీయుల నాటి కళ!" నిజమే. కవి పాలకురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం శివరాత్రి జాతర ఆటపాటలన్నీ ఏకరువు పెట్టాడు. కాకతీయ గణపతిదేవుడి ఏనుగుల దళాధిపతి జాయప సేనాని 1253–54లో నృత్తరత్నావళి రాస్తూ ఎనిమిది అధ్యాయాల్లో నాలుగింటిని దేశి ఆటలకే, అంటే జనం ఆటలకే ఇచ్చాడు. కోలలతో ఆడే దండరాసకం అందులో ఉంది. జనం ఆడుతున్నదాన్ని చూసి శాస్త్రానికి ఎక్కించాడే తప్ప, ఇక మార్చొద్దని శాసనం వేయించలేదు. కాబట్టి మాస్టర్లు ఆయనకు భయపడక్కర్లేదు. ఆయన పేరు ఫ్లెక్సీకి ఎక్కించి ఫీజు పెంచనూ అక్కర్లేదు.



కోపులు మారితే మారనీ. భజన మండళ్ల మగవాళ్ల చేతుల్లో ఉన్న కోలలను ఇవాళ ఊరూరా ఆడవాళ్లు అందుకున్నారంటే అంతకంటే మంచి మార్పేముంది? సినిమా వరుసలు భజనల్లోకి దూరి ఎన్నాళ్లో అయింది, దేవుడేమీ అలగలేదు. కొత్త కోపులు కట్టండి, డీజే పాటకే కట్టండి. ఎదురుగా ఒక మనిషిని నిలబెట్టండి చాలు.

మగవాళ్ల సంగతంటారా? కోలలు వదిలేసి డీజే బాక్సుల ముందు చేరారు. ఎవడి చిందు వాడిదే. పక్కవాడి కాలు తొక్కడం ఒక్కటే వాళ్లకు మిగిలిన జంట నృత్యం.

ఇక పక్కకు చూడొద్దనే ఈ చదువు పెళ్లిళ్లకూ పాకింది. సంగీత్ అనే కొత్త ముచ్చట కోసం పెళ్లికి ముందే ఇంటికి మాస్టరొచ్చి పిల్లకూ పిల్లగాడికీ జంట స్టెప్పులు నేర్పుతున్నాడు. పిల్ల సిగ్గుపడుతూ పిల్లగాడి వైపు చూసిందో, వెంటనే కసురుడు: "అమ్మా, ఆయన దిక్కు ఎందుకు సూస్తున్నవ్? డ్రోన్ దిక్కు సూడు!" పిల్లగాడికి ఆ మాట చెప్పే పని కూడా పడలేదు, వాడు ముందు నుంచీ డ్రోన్ దిక్కే చూస్తున్నాడు.