వారంటీ బావ

అమెరికాలో తెలుగువాళ్ళు గుంపుగా ఉండే ఏ ఊరికైనా వెళ్ళండి. డాలస్ పక్కన ఫ్రిస్కో కావచ్చు, ప్లేనో కావచ్చు, న్యూజెర్సీలో ఎడిసన్ కావచ్చు. నలభై అయిదు దాటిన, గ్రీన్ కార్డు చేతికొచ్చిన, ఇంటి అప్పు సగం తీర్చేసిన ఇంజనీరు ఒకాయన మీకు తప్పకుండా తగులుతాడు. ఆయన గరాజ్‌లో రెండు బళ్ళుంటాయి. ఒకటి పిల్లల్నీ, బియ్యం బస్తాల్నీ, ఇండియా నుంచి వచ్చిన అత్తమామల్నీ మోసే టొయోటా. రెండోది ముసుగు కప్పుకుని పడుకునే స్పోర్ట్స్ కారు. ఆ రెండోదాన్ని ఆయన ఒక్క మధ్యాహ్నంలో కొనేశాడు. దానికి ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవాలా వద్దా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.

ఈ జాతికి మా బావ మేలైన నమూనా.

బావది భీమవరం. కాకినాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్ గది గోడ మీద పోర్షే 911 బొమ్మ అంటించుకున్నాడు. పక్క గదుల్లో చిరంజీవి, బాలకృష్ణ ఉండేవారు. పాతికేళ్ళ తర్వాత ఆ బొమ్మలోని బండినే తెచ్చి ఫ్రిస్కోలో తన ఇంటి ముందు పెట్టుకున్నాడు. కాకపోతే సెకండ్ హాండ్. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ముందు మంచినీళ్ళు, తర్వాత చరిత్ర. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో దీన్ని 901 అనే పేరుతో చూపించారనీ, నడుమ సున్నా ఉన్న మూడంకెల పేర్ల మీద హక్కు తమదని ప్యూజో వాళ్ళు అడ్డం తిరిగితే 911గా మార్చారనీ చెప్పేదాకా కాఫీ రాదు. ఇంజను వెనకాల ఉంటుంది, సామాన్లు ముందు పెట్టుకోవాలి అని వివరిస్తే వాళ్ళమ్మగారు కంగారుపడి, "తిరగేసి బిగించినట్టున్నార్రా, రసీదు ఉంటే మార్చుకుని రా" అన్నారు.

ఆ బండి కొనేదాకా బావకి మా చుట్టాలందరిలో పొదుపరి అని పేరు. ఎండాకాలం టెక్సాస్‌లో ఏసీ 78 ఫారెన్‌హీట్‌కి తగ్గనివ్వడు. హోటల్లో పెట్టిన టిష్యూలు మడిచి జేబులో వేసుకుంటాడు. అలాంటివాడు ఒక్క సంతకంతో తొంభై వేల డాలర్లు ఇచ్చి వచ్చాడు. ఆ దెబ్బకి పేరు పోయింది. పోయిన పేరును వారంటీ దగ్గర మళ్ళీ సంపాదించుకోవాలని ఆయన తాపత్రయం. తొంభై వేలు మనసు చెప్పినట్టు ఖర్చుపెట్టాడు కాబట్టి, మిగిలిన నాలుగైదు వేలు బుర్ర చెప్పినట్టే ఖర్చుపెట్టాలి. చిక్కంతా అక్కడే ఉంది.

పోర్షే కొత్త బండికి అమెరికాలో నాలుగేళ్ళు లేదా 50,000 మైళ్ళ వారంటీ ఇస్తారు. కంపెనీ వాళ్ళు పరీక్షించి అమ్మే సెకండ్ హాండ్ బండికి దాని మీద ఇంకో రెండేళ్ళు కలుపుతారు. ఆ పరీక్షలో 111 అంశాలు చూస్తారు. మా అక్క 112వది చేర్చింది. బండిని ఫ్రిస్కో హనుమంతుడి గుడికి తీసుకెళ్ళి పూజ చేయించి, నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు తొక్కించింది. "దీనికి మన జేబులోంచి కట్టే డిడక్టిబుల్ లేదు, మైళ్ళ పరిమితి లేదు. ఇంకేం కావాలండీ?" అని అక్క వాదన. బావ కాదనలేదు గానీ, కంపెనీ ఇచ్చిన రెండేళ్ళూ ముగింపుకొచ్చేసరికి ఆయనకి రాత్రిళ్ళు నిద్ర పట్టడం మానేసింది. అవి ముగియకముందే పొడిగించుకోవాలి. గడువు దాటాక కొనబోతే బండిని మళ్ళీ పరీక్షకి పెట్టమంటారు.

ఇంజనీరుకి నిద్ర పట్టకపోతే ఎక్సెల్ తెరుస్తాడు. బావ తెరిచిన దానికి మొదట "ఫైనల్" అని పేరు. తర్వాత "ఫైనల్ కొత్తది", ఆ తర్వాత "అసలు ఫైనల్" పుట్టాయి. ఒక నిలువు వరసలో చెడిపోగల భాగాలు, రెండోదాంట్లో ఖర్చు, మూడోదాంట్లో చెడే అవకాశం. ఖర్చు తెలుసుకోవడం తేలికే. ఈ బండికి పీడీకే అనే రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్ ఉంటుంది. లోపల చిన్న సెన్సర్ పోయినా చాలాకాలం పాటు డీలర్లు మొత్తం గేర్‌బాక్సే మార్చేవారు. బిల్లు ఇరవై వేల డాలర్ల దాకా పోయేది. ఇబ్బందల్లా మూడో వరసతో. చెడే అవకాశం 3 శాతం అని వేస్తే వారంటీ దండగ, 30 శాతం అని వేస్తే లాభం. పొద్దున్న కాఫీ తాగి కూర్చున్నప్పుడు బావ 3 వేస్తాడు. సాయంత్రం బండి స్టార్ట్ చేసినప్పుడు టిక్కుమని ఏదో వినిపిస్తే 30 చేస్తాడు. ఆ అంకె నిజంగా తెలిసినవాడు వారంటీ అమ్మేవాడొక్కడే. ధర వేసిందీ వాడే.

బావకున్న భయాల్లోకెల్లా గొప్పది ఐఎంఎస్ బేరింగ్. 1990ల చివరి నుంచి 2008 వరకూ వచ్చిన చాలా 911లలో, బాక్‌స్టర్‌లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ అని ఒకటుండేది. దాని బేరింగ్ పగిలితే ఇంజనే పోయేది. 2001 నుంచి 2005 మోడళ్ళ యజమానులు కోర్టుకెక్కితే కంపెనీ రాజీకి వచ్చింది కూడా. ఇదంతా బావకి కంఠతా వచ్చు. అయితే బావ బండి 2017 మోడల్. 2009 నుంచి ఇంజను మారిపోయింది, అందులో ఆ షాఫ్టే లేదు. ఆ మాట నేను చెబితే బావ గంభీరంగా చూసి, "లేదని వాళ్ళంటున్నారు. విప్పి చూశావా?" అన్నాడు.

తర్వాత సలహాల పర్వం. గుడి పార్కింగ్‌లో, పాట్‌లక్‌లో, పిల్లల తెలుగు బడి బయట బావ కనబడినవాణ్ణల్లా అడిగాడు. జనం రెండు పార్టీలైపోయారు. ఒకాయన గేర్‌బాక్స్ వారంటీలో మార్పించుకున్నాడు. ఆయన దృష్టిలో వారంటీ తీసుకోనివాడు మూర్ఖుడు. ఇంకొకాయన నాలుగు వేలు కట్టి ఒక్కసారి కూడా వాడుకోలేదు. ఆయన దృష్టిలో తీసుకున్నవాడు మూర్ఖుడు. కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక ఒకసారి సర్వే చేస్తే, కార్లకు ఇలాంటి వారంటీ కొన్నవాళ్ళలో సగం మందికి పైగా దాన్ని అసలు వాడుకోనేలేదని తేలింది. బావ ఈ సంగతి చెప్పి రెండో పార్టీలో చేరబోయాడు. అంతలో మొదటాయన గేర్‌బాక్స్ బిల్లు ఫోన్లో తీసి చూపించాడు. బిల్లు చూశాక సర్వే ఎవరికి గుర్తుంటుంది?

అమెరికాలో "మీ కారు వారంటీ ముగియబోతోంది" అని వచ్చే దొంగ ఫోన్ల గురించి వినే ఉంటారు. 2021లో ఒక్క ముఠాయే మూడు నెలల్లో 50 కోట్లకు పైగా నంబర్లకు 500 కోట్లకు పైగా కాల్స్ చేసింది. అక్కడి టెలిఫోన్ నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2023లో ఆ ముఠాకి దాదాపు 30 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. అందరూ ఆ ఫోన్ వినగానే పెట్టేస్తారు. బావ కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. "డిడక్టిబుల్ ఒక్కో విజిట్‌కా, ఒక్కో రిపేరుకా? సీళ్ళు, గాస్కెట్లు కవరవుతాయా? గంటకి లేబర్ ఎంతవరకూ ఇస్తారు? పని మొదలుపెట్టేముందు పర్మిషన్ ఎవరివ్వాలి?" అని అడుగుతాడు. అవతలివాడు సూపర్‌వైజర్‌కి ఇస్తాడు, సూపర్‌వైజర్ ఫోన్ పెట్టేస్తాడు. కోట్ల నంబర్లకి ఫోన్ చేసినవాళ్ళు బావ నంబరును బ్లాక్ చేసుకున్నారని మా అనుమానం.

చివరికి డీలర్ దగ్గరికి వెళ్ళాం. అక్కడ బయట హాలు, లోపల చిన్న గది. హాల్లో ఉన్న సేల్స్‌మన్ ఈ బండి మీ మనవల దాకా నడుస్తుందంటాడు. గదిలో ఉన్న ఫైనాన్స్ మేనేజర్ ఇదే బండి వచ్చే మంగళవారం ఆగిపోవచ్చంటాడు. ఇద్దరికీ జీతమిచ్చేది ఒకే ఓనరు. మేనేజర్ అయిదు వేల నాలుగు వందలన్నాడు. బావ వాళ్ళమ్మ దగ్గర చేపల మార్కెట్లో నేర్చుకున్న విద్య తీశాడు. మొహం చిట్లించి, లేచి, వెనక్కి చూడకుండా పార్కింగ్ దాకా నడిచాడు. భీమవరంలో అయితే ఈపాటికి వెనకనుంచి పిలుపొచ్చేది. ఇక్కడ ఎవరూ పిలవలేదు. కాసేపు నిలబడి, "కళ్ళజోడు మర్చిపోయా"నంటూ తనే లోపలికెళ్ళాడు. కళ్ళజోడు మొహం మీదే ఉంది.

విద్య ఊరికే పోలేదు. మర్నాడు మేనేజరే ఫోన్ చేసి నాలుగు వేల తొమ్మిది వందలకిస్తానన్నాడు. వారం తిరక్కుండా నాలుగు వేల ఒక వంద అయింది. ఇలాంటి వారంటీల మీద డీలర్‌కి మిగిలేది బాగానే ఉంటుంది, అందుకే బేరానికి దిగుతారు. వేరేవాడైతే సంతోషించేవాడు. బావకి జ్వరం వచ్చినంత పనైంది. "పదమూడు వందలు తగ్గించాడంటే ఇంకెంత మిగులుతోందిరా వాడికి?" ధర తగ్గినకొద్దీ అనుమానం పెరిగింది. దానికి తోడు లోన్‌లో కలిపేసి నెలకింత కట్టమన్నాడు మేనేజర్. వారంటీకి కూడా వడ్డీ కట్టాలా అని బావ లెంపలేసుకున్నాడు.

ఆ తర్వాత కాంట్రాక్టు చదవడం. ఇది చట్టం ప్రకారం వారంటీ కాదు, డబ్బు తీసుకుని రాసిచ్చే సర్వీస్ కాంట్రాక్టు. టెక్సాస్‌లో దీనికి లైసెన్సులిచ్చే శాఖ వేరే ఉంది. పంతులుగారు ముహూర్తం చూసినంత శ్రద్ధగా బావ అందులో మినహాయింపుల పేజీలు చదివాడు. బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, వైపర్లు రావు. అరిగేవి ఏవీ రావు. నూనె కారితే ఇస్తారు, చెమ్మగిల్లితే ఇవ్వరు. ముందే ఉన్న జబ్బు రాదు. విప్పి చూశాక తప్పు వాళ్ళ జాబితాలో లేనిదని తేలితే విప్పిన కూలీ మనదే. ఆయిల్ మార్చిన రసీదులు దాచకపోతే ఏదీ రాదు. బయట ఆయిల్ మార్పించుకున్నంత మాత్రాన కంపెనీ తన వారంటీ రద్దు చెయ్యకూడదని 1975లోనే ఫెడరల్ చట్టం వచ్చింది. బావ ఆ చట్టాన్ని ప్రింటు తీయించి రసీదులతో పాటు జిప్ కవర్లో పెట్టాడు.

రేసుల్లో నడిపితే వర్తించదన్న నిబంధన దగ్గర బావ చాలాసేపు ఆగాడు. అక్క పక్క గదిలోంచి, "అదొక్కటీ దిగులు పెట్టుకోకండి" అంది. డాలస్ నార్త్ టోల్‌వే మీద మా బావని మినీ వ్యాన్లు హారన్ కొట్టి దాటిపోతుంటాయి. 911 ఆదివారం గుడికి, అక్కడినుంచి కరివేపాకు కోసం ఇండియన్ స్టోర్‌కి వెళుతుంది. ఏడాదికి రెండువేల మైళ్ళు. ఆయన బేరమాడుతున్నది లక్ష మైళ్ళు పూర్తయ్యేదాకానో, మూడేళ్ళు నిండేదాకానో, ఏది ముందైతే అంతవరకు పనిచేసే వారంటీ. మూడేళ్ళలో ఆయన తిరిగేది ఆరువేల మైళ్ళు. మిగతా మైళ్ళన్నీ ఆయన డబ్బుతో కంపెనీవాడికి పెట్టిన కానుక. ఈ సంగతి ఎక్సెల్‌లో ఏ గడిలోనూ లేదు.

గడువుకి ముందురోజు బావ సంతకం పెట్టాడు. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. కానీ బావ బాధ తీరలేదు, మారింది. ఇదివరకు చప్పుడు వినిపిస్తే భయపడేవాడు, ఇప్పుడు వినిపించట్లేదని బెంగ. ముసుగు తీసి, స్టార్ట్ చేసి, బానెట్ లేని వైపు చెవి పెట్టి ఆశగా వింటాడు. నాలుగు వేల పైన కట్టాక కూడా బండి శుభ్రంగా నడవడం ఆయనకి అన్యాయంగా తోచింది. ఇంతలో ఎవరో పుణ్యాత్ముడు, క్లెయిమ్ చెయ్యకుండా 30 రోజుల్లోపు రద్దు చేసుకుంటే టెక్సాస్‌లో పూర్తి డబ్బు వెనక్కిస్తారని చెప్పాడు. దానికో కొత్త ఎక్సెల్ మొదలైంది. అందులో మూడో వరస తేలేలోపు గడువు దాటిపోయింది. ఆ తర్వాత రద్దు చేస్తే వాడుకున్న కాలానికి కోత పెట్టి మిగతాది ఇస్తారు. ఆ కోత ఎంతన్నది ఇంకో ఎక్సెల్. ప్రస్తుతం అది నడుస్తోంది.

మీ ఇళ్ళలోనూ ఇలాంటి బావ ఉండే ఉంటాడు. సలహా అడిగితే తీసుకోమనీ చెప్పకండి, వద్దనీ చెప్పకండి. ఏ మాట చెప్పినా దాన్ని ఎక్సెల్‌లో మీ పేరుతో రాసుకుంటాడు. ధర బేరమాడమనండి, మినహాయింపులు ముందు చదవమనండి, ఏడాదికి ఎన్ని మైళ్ళు తిరుగుతాడో నిజం చెప్పమనండి. ఆఖరున ఒక్క ప్రశ్న అడగండి: రేపు గేర్‌బాక్స్ పోతే మార్పించుకునే డబ్బు బ్యాంకులో ఉందా? ఉంటే వారంటీ అక్కర్లేదు. లేకపోతే ఆయనకి అక్కర్లేనిది ఆ కారు.