రబ్బరుతో వచ్చిన స్వాతంత్ర్యం

ఇంకో లోకంలో బానిసత్వం పోయింది, సంతోషం. తిరుగుబాటు జరగలేదు, చట్టం రాలేదు, ఒక్క సంకెల తెగిన చప్పుడు కూడా వినపడలేదు. బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు ధరించి ఆడే పాత్‌ఫైండర్ ఆటను ప్రచురించే పైజో కంపెనీ 2021లో ఎత్తుకున్న పాట ఇప్పుడు మర్యాదస్తులందరి పాట అయింది. ఇకమీదట మా పుస్తకాల్లో బానిసలుండరు, ఎలా పోయారో చెప్పే కథా ఉండదు, పదండి ముందుకు. పాపం, అబ్రహాం లింకన్‌కు ఈ ఉపాయం తట్టలేదు. నాలుగేళ్ళు యుద్ధం చేశాడు. చేతిలో రబ్బరు ఉన్న ఎడిటర్ ఒకడు దొరికుంటే ఒక్క మధ్యాహ్నంలో తేలిపోయే పని.

ఆ పాత్‌ఫైండర్ లోకం పేరు గొలారియన్. అందులో చెలియాక్స్ అనే సామ్రాజ్యం, అక్కడ తరతరాలుగా హాఫ్లింగులనే పొట్టి జాతివాళ్ళు బానిసలు. వాళ్ళను గుట్టుగా సరిహద్దు దాటించడానికి బెల్‌ఫ్లవర్ నెట్‌వర్క్ అనే రహస్య దళం. ఇప్పుడీ దళం వాళ్ళ గతేమిటని నా బెంగ. ప్రాణాలకు తెగించి దొంగదారులు వేశారు, కాపలావాళ్ళకు లంచాలు మేపారు, బండి అడుగున మనిషిని దాచే విద్య నేర్చారు. ఒక పొద్దున లేచి చూస్తే దాటించడానికి మనిషి లేడు. ఎవరు విడిపించారని అడగడానికీ లేదు, ఎందుకంటే ఎవరూ విడిపించలేదు. నిన్నటిదాకా మనుషుల్ని వేలం వేసిన వర్తకుడు ఇవాళ అదే అంగట్లో తివాచీలు పరుచుకుని కూర్చున్నాడు. అతనికి శిక్ష లేదు, అతని నోట క్షమాపణ లేదు, పెట్టెలో డబ్బు పెట్టెలోనే భద్రం. దొర వంటింట్లో గిన్నెలు తోముతున్నది ఎవరో మాత్రం అడక్కండి. తర్వాతి పుస్తకాల్లో అక్కడక్కడా అతుకులు వేశారు గానీ చిరిగింది చొక్కా కాదు, కథ. ఇంతకీ చెలియాక్స్ నరకంతో చేసుకున్న ఒడంబడిక చెక్కుచెదరలేదు. అక్కడ ఆత్మను అమ్ముకోవచ్చు, పత్రాలుంటాయి, సంతకాలుంటాయి. శరీరం బేరానికి వస్తేనే పబ్లిషరుకు పాపభీతి.

ఈ రబ్బరును ఒకసారి మన భారతం వైపు తిప్పి చూడండి. ఉచ్చైశ్రవం తోక తెలుపా నలుపా అని కద్రువ, వినత పందెం వేసుకున్నారు. పాముల మోసంతో వినత ఓడి సవతికి దాసి అయింది. తల్లి దాస్యం తీర్చడానికే గరుత్మంతుడు స్వర్గం మీదికి ఎగిరాడు. దాస్యం అనే మాట కొట్టేయండి. ఇక మిగిలేది ఏమిటి? ఒక పెద్ద పక్షి, కారణమేమీ లేకుండా దేవతల్ని చితకబాది అమృతభాండం ఎత్తుకుపోయింది. మాతృభక్తి కథ కాస్తా దొంగతనం కేసు. పాచికల ఆటలో బానిసత్వం ఉండరాదంటే సభాపర్వానికి పుట్టగతులుండవు. ధర్మరాజు నాలుగు పందాలు ఓడి, చేతులు కడుక్కుని, భోజనానికి ఇంటికి వెళ్ళిపోతాడు. తనను తాను ఓడి దాసుడైనవాడికి ఇంకొకరిని పందెం కాసే హక్కెక్కడిదని ద్రౌపది నిలదీసే ప్రసక్తే రాదు. నిండు సభలో భీష్ముడంతటివాడికి జవాబు దొరకని ప్రశ్న అది. దాస్యం లేకపోతే దాని మీద ప్రశ్నా లేదు. హరిశ్చంద్రుడి సంగతి చెప్పక్కర్లేదు, కాశీలో సంత లేకపోతే మన నాటక సమాజాలు ఎప్పుడో మూతబడేవి.

నవ్వులాట ఇక్కడితో చాలు. రబ్బరు బానిసత్వంతో పాటు తిరుగుబాటునూ చెరిపేస్తుంది, నా కోపమంతా దాని మీదే. పాత్‌ఫైండర్ లాంటిదే ఇంకో ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఆ ఆట వాళ్ళు 1980లో స్లేవ్ లార్డ్స్ సాహసాలు తెచ్చినప్పుడు ఆటగాడి పని మనుషుల్ని ఎత్తుకుపోయే ముఠాను కూల్చడం. 1991లో అదే ఆటకు డార్క్ సన్ అనే లోకం వచ్చింది. విడి పుస్తకంగా వచ్చిన దాని తొలి సాహసకథ పేరే ‘ఫ్రీడమ్’. అందులో ఆటగాడే బానిస. టైర్ నగరంలో కలక్ అనే మాంత్రిక రాజుకు గోపురం కట్టడానికి ఇటుకలు మోస్తాడు, ఆ రాజు కూలడమూ చూస్తాడు. ఆ లోకం చిక్కుల మయమని, అందుకే దాని జోలికి పోవడం లేదని డంజన్స్ అండ్ డ్రాగన్స్ కంపెనీ ప్రొడ్యూసర్ ఒకాయన 2023లో సెలవిచ్చారు. సరే, ఒప్పుకుందాం. మరి అదే సంవత్సరం అదే కంపెనీ లైసెన్సుతో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 అనే వీడియో గేమ్ సంగతి? అందులో గ్రిమ్‌ఫోర్జ్ అనే చోట నోమ్‌లనే మరుగుజ్జులు బానిసలై రాళ్ళు తవ్వుతుంటారు, వాళ్ళను విడిపించాలా వద్దా అనేది ఆటగాడి చేతిలో ఉంటుంది. దానికి ఆ ఏటి మేటి ఆటగా అవార్డు వచ్చింది. అప్పుడు ఎవరి మనసూ నొచ్చుకోలేదు, గల్లాపెట్టె నిండుగా ఉంది కదా.

హడోజీల గొడవ ఇంకా నేర్పుతుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ వాళ్ళదే 2022 స్పెల్‌జామర్ పుస్తకంలో కోతిని పోలిన జాతి ఈ హడోజీలు. మాంత్రికుడొకడు వాళ్ళకు తెలివి పోసి అమ్మజూపాడు. వాళ్ళకు విముక్తి తెచ్చింది కూడా ఆ మాంత్రికుడి శిష్యులేనట. నల్లవాళ్ళను కోతులతో పోల్చిన దేశంలో ఈ రాత ఎంత దుర్మార్గమో చదువరులు చెప్పారు, సరిగ్గానే చెప్పారు. దాన్ని బాగుచేయాలంటే హడోజీల చేత వాళ్ళ గొలుసులు వాళ్ళే తెంపించాలి. కంపెనీ సెప్టెంబర్‌లో క్షమాపణ చెప్పి, ఆ చరిత్రంతా పీకేసింది. అవమానించినవాడే అవమానం జరిగిన పేజీ చింపేశాడు. ఇప్పుడా జాతికి గతమే లేదు.

ఇది కొత్త తెలివేమీ కాదు. బ్రిటన్ 1833 చట్టంతో బానిసల్ని విడిపించి, రెండు కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది, బానిసలకు కాదు, యజమానులకు. ఆ అప్పు తీరేసరికి 2015 వచ్చింది. ఆ చట్టం ఈస్టిండియా కంపెనీ ఏలుబడికి వర్తించలేదు. మనకు 1843లో వేరే చట్టం వచ్చింది. అది బానిసను విడిపించలేదు, మనిషి మీద యాజమాన్యాన్ని ఇక కోర్టులు గుర్తించవని మాత్రం చెప్పింది. కాగితం మీద మాట పోయింది, పొలంలో మనిషి అక్కడే ఉన్నాడు. పేరు మారి అప్పు కింద పాలేరయ్యాడు. వెట్టిచాకిరీ నిర్మూలనకు మళ్ళీ 1976లో ఇంకో చట్టం కావలసి వచ్చింది. నూట ముప్పై మూడేళ్ళు! మాట చెరిపితే ఎవరికి లాభమో తెలుసుకోవడానికి ఇంతకన్నా లెక్క అక్కర్లేదు.

ఒక అభ్యంతరం మాత్రం బరువైనది. తాతముత్తాతలు తోటల్లో కొరడా దెబ్బలు తిన్న మనిషి, శనివారం సాయంత్రం ఆడుకోవడానికి వచ్చి మళ్ళీ అదే చూడాలా? అక్కర్లేదు. దానికి ఆటగాళ్ళే దారి కనిపెట్టారు. ఏది ఆటలోకి రాకూడదో, ఏది తెరవెనక జరిగిపోవాలో ముందే మాట్లాడుకుంటారు. బల్ల మధ్య ఎక్స్ కార్డు పెట్టుకుంటారు, ఎవరు తాకినా ఆ సన్నివేశం ఆగిపోతుంది, ఎందుకని అడగరు. ఆ నిర్ణయం బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళది, ఈ కంపెనీల ఆఫీసులది కాదు. ఇక చరిత్రలో ఉంది కాబట్టి ఆటలో బానిసల్ని కొంటాం అని అరిచే కుర్రాళ్ళున్నారు. ఎగిరే డ్రాగన్‌తో పేచీ లేదు గానీ దాసి లేకపోతే వాస్తవికత దెబ్బతింటుందట వీళ్ళకి. వీళ్ళకు భయపడి మిగతావాళ్ళ కథ కట్టేయడం, తాగుబోతు పడతాడని ఊరి బావి పూడ్చడం లాంటిది. రాయడం చేతకాదంటే రాయగలవాళ్ళను పిలవాలి. జూలియా బాండ్ ఎలింగ్‌బో అనే ఆఫ్రికన్ అమెరికన్ రచయిత్రి 2007లోనే ‘స్టీల్ అవే జోర్డాన్’ అనే ఆట రాసింది. అమెరికా బానిసల కథలే దాని సరుకు. ఆమె రబ్బరు వాడలేదు.

మన ఇంట్లో జబ్బు దీనికి తలకిందులు. ‘బాహుబలి’ సినిమాలో స్వేచ్ఛ కొనిస్తానన్న అస్లాం ఖాన్‌ను బానిస కట్టప్ప కాదన్నప్పుడు థియేటర్లు ఈలలతో మోగిపోయాయి, ఆ విధేయతలో మనకు తప్పేమీ కనపడలేదు. ఈ కంపెనీల చేతికిస్తే అదీ మారుస్తారు. కొత్త ముద్రణలో కట్టప్ప మాహిష్మతి సంస్థానంలో శాశ్వత ఉద్యోగి అవుతాడు. నెత్తి మీద పాదం మాత్రం అలాగే ఉంటుంది, పోస్టరు బాగుంది కదా.