రెండున్నర వైరు కథ

ఇంట్లో ఒక సర్క్యూట్‌కు వైరు ఎంత పొడవు వేయవచ్చన్నది ప్రధానంగా మూడింటిని బట్టి తేలుతుంది: వైరు మందం, అందులో పారే కరెంటు, దారిలో పోయినా ఫర్వాలేదనుకునే వోల్టేజీ. ఈ కథలోని వైరు దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి స్టేషన్ల మధ్య ఒక సందులో, ఐదంతస్తుల హాస్టల్ పై అంతస్తులో గీజరుకు కరెంటు మోస్తుంది. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో నడవడం మొదలైన 2018లోనే అది ఆ గోడలోకి వెళ్లింది.

దాని ఎర్ర తొడుగు లోపల 0.3 మిల్లీమీటర్ల రాగి పోగులు 36 ఉంటాయి. అన్నీ కలిపితే 2.5 చదరపు మిల్లీమీటర్లు; అందుకే ఎలక్ట్రీషియన్ల నోట అది రెండున్నర వైరు. 90 మీటర్ల చుట్టలోంచి 18 మీటర్లు దాని వంతుకు తెగింది. డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి బాత్రూం నిజానికి 9 మీటర్ల దూరమే. కానీ వైరు వెళ్లే పైపు గోడెక్కి, స్లాబులో మూలలు తిరిగి, మళ్లీ గోడ దిగుతుంది. స్ప్రింగు కొసకు కట్టి లాగుతుంటే మూడో వంపు దగ్గర ఇరుక్కుని, తొడుగు కాస్త గీసుకుపోయాక గానీ అది ముందుకు కదల్లేదు. లెక్కలోకి వచ్చే పొడవు పైపు వెంట కొలిచినదే, గదుల మధ్య టేపు పెట్టి కొలిచినది కాదు.

ఐఎస్ 8130 ప్రమాణం ప్రకారం ఈ రకం రాగి వైరు నిరోధం 20 డిగ్రీల వద్ద కిలోమీటరుకు 7.98 ఓములు దాటకూడదు. వైరు వేడెక్కి 70 డిగ్రీలకు చేరితే అది దాదాపు 9.55 అవుతుంది. కరెంటు ఫేజులో వెళ్లి న్యూట్రల్‌లో తిరిగి వస్తుంది కనుక నిరోధాన్ని రెట్టింపు చేయాలి. ఎక్కువ లెక్కలు తప్పేది ఇక్కడే. రెట్టింపు చేస్తే మీటరు దూరానికి 0.0191 ఓము. 3 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు తీసుకుంటుంది. రెంటినీ గుణిస్తే మీటరుకు 0.248 వోల్టు తరుగు.

లైట్లకు 3 శాతం, మిగతా పరికరాలకు 5 శాతం తరుగు వరకు ఒప్పుకుంటారు. 230లో 5 శాతం 11.5 వోల్టులు. దాన్ని 0.248తో భాగిస్తే 46 మీటర్లు. ఈ అంకె చూసి సంబరపడడానికి లేదు. ఆ 11.5 వోల్టులు మీటరు బోర్డు నుంచి గీజరు దాకా మొత్తం దారికి, ఈ వైరు ఒక్కదానికే కాదు. హాస్టల్ మీటర్లు కింద పార్కింగులో ఉన్నాయి. అక్కడి నుంచి పై అంతస్తు బోర్డుకు 20 మీటర్ల పొడవున 6 చదరపు మిల్లీమీటర్ల వైరు ఎక్కుతుంది. ఆ అంతస్తు లోడు 25 ఆంపియర్లనుకుంటే అక్కడే దాదాపు 4 వోల్టులు పోతాయి. మిగిలింది ఏడున్నర. దాంతో రెండున్నర వైరు 30 మీటర్లే వెళ్లగలదు. 18 మీటర్ల ఈ వైరు నాలుగున్నర వోల్టులు తింటుంది, కాబట్టి హద్దులోనే ఉంది. హద్దు దాకా వెళ్లినా గీజరు వేడి పది శాతం తగ్గుతుంది, ఎందుకంటే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. తెల్లవారుజామున క్లాసులకు బయల్దేరే పిల్లలకు ఆ తేడా నీళ్లలోనే తెలుస్తుంది.

తర్వాత డాబా మీద ఒక గది, దాని పక్కన బాత్రూం లేచాయి. ఈ వైరు కొసకే మరో 16 మీటర్ల ముక్క మెలిపెట్టి టేపు చుట్టి అక్కడికి లాగారు. అక్కడి గీజరు ఒక్కటే నడిచినా 34 మీటర్లకు తరుగు దాదాపు ఎనిమిదిన్నర వోల్టులు, మిగిలిన ఏడున్నర కన్నా ఒక వోల్టు ఎక్కువ. అంతకంటే పెద్ద తప్పు ఆ మెలికే. సరిగా బిగియని అతుకులో 0.1 ఓము చేరితే 13 ఆంపియర్లకు 17 వాట్ల వేడి బొటనవేలంత చోట పుడుతుంది. మంచి వైరు మీద ఒక్కో మీటరుకు పుట్టేది 1.6 వాట్లే. కొన్నాళ్లకు టేపు నల్లబడి, ఎర్ర తొడుగు మెత్తబడింది.

పొడవుకు ఇంకో హద్దు భద్రత వైపు నుంచి వస్తుంది. సి రకం 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే ఆపే స్విచ్) తక్షణం పడిపోవడం ఖాయం కావాలంటే 160 ఆంపియర్లు పారాలి, అంటే మొత్తం వలయ నిరోధం 1.44 ఓములు మించకూడదు. ఫేజు, న్యూట్రల్ షార్టయితే 34 మీటర్లకూ అంత కరెంటు వస్తుంది. ఎర్త్ సంగతి వేరు: లోపం వల్ల పారే కరెంటు ఎర్త్ గుంతలోని మట్టి గుండా తిరిగి రావాల్సి వస్తే, ఆ దారి నిరోధం 3 ఓములైనా 77 ఆంపియర్లకు మించి పారదు. వైరు ఎంత పొట్టిదైనా ఎంసీబీ వెంటనే పడకపోవచ్చు. అక్కడ 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకైన కరెంటును పసిగట్టి ఆపే స్విచ్) తప్పనిసరి.

చివరికి అతుకు విప్పేశారు. డాబా గదికి బోర్డు నుంచి 34 మీటర్ల 4 చదరపు మిల్లీమీటర్ల వైరును ఎక్కడా అతకకుండా విడి పైపులో లాగారు. దాని తరుగు 5 వోల్టుల పైచిలుకు. ఎర్ర వైరు కొస కాలిన మేర కత్తిరించి పాత గీజరుకే బిగించారు. ఇప్పుడు దాని పొడవు 17.6 మీటర్లు.