ఒక దంతము స్వీయచరిత్ర

గురుభక్తులకొండమీది బౌద్ధవిహార శిథిలములను, బోధికొండమీది జైనమూర్తులను జూచుచు, చోడియంబలి త్రాగియు మామిడిటెంకలు చీకియు రామతీర్థములో పెరిగిన యొక బాలిక నోట నేను మొలచితిని. పలువరుస యిరుకైనందున దానిని సవరించుటకై, పుచ్చన్నదెరుగని నన్ను వైద్యుడు పెరికివేసెను; తలిదండ్రుల సమ్మతితో విశాఖపట్టణములోని యొక ప్రయోగశాలకు జేరితిని. ఆరిపోయిన దంతము పెళుసెక్కును గావున నన్నెల్లప్పుడు తడిలోనే యుంచిరి.

నా పైనున్న ఎనామెలు తూకములో నూటికి 96 పాళ్లు ఖనిజమే. దాని క్రిందనున్న డెంటినులో ఖనిజము 70 పాళ్లు మాత్రమే. తక్కినది చాలవరకు కొల్లాజెను పోగుల యల్లికయు, నీరును. కావుననే పంటిపూడికను అంటించెడి రెజిను జిగురు ఈ రెంటిని ఒక్కరీతిగా పట్టదు. 1955లో మైకేల్ బ్యూనోకోర్, ఫాస్ఫారికామ్లముతో ఎనామెలును గరుకుపరచినచో దానిపై రెజిను గట్టిగా నిలుచునని చూపెను. డెంటిను రహస్యము అంత సులభముగా చిక్కలేదు. ఆమ్లము ఖనిజమును కరగించినపిమ్మట మిగిలిన కొల్లాజెను వలలోనికి రెజిను చొరబడి గట్టిపడగా, ఉభయలక్షణములుగల సంకరపొర యేర్పడునని 1982లో జపాను శాస్త్రజ్ఞుడు నకబయాషి వెల్లడించెను. డెంటినున పట్టు చాలవరకు ఆ పలుచని పొరయందే గలదు.

నన్ను నిలువున రెండు తునుకలు గావించి, యొకదానిని డ్రిల్లుతోను, వేరొకదానిని ఎర్బియం యాగ్ లేజరుతోను చెక్కిరి. 2940 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల ఆ కిరణమును నీరు మిక్కిలిగా గ్రహించును. నాలోని నీరు క్షణములో ఆవిరియై ప్రేలి, ఖనిజరేణువులను ఎగజిమ్మును. డ్రిల్లు విడిచెడి పొడిపూత అచ్చట నుండదు. డెంటినులోని సన్నని నాళికల ముఖములు తెరచుకొని, తలము గరుకై, జిగురునకు ఇంతకన్న అనువైన తావు లేదనిపించును. లోపలి సంగతి వేరు. వేడిమికి కొల్లాజెను పోగులు చెడి, ఒకదానితోనొకటి యతుకుకొని, రెజిను చొరవలసిన సందులను మూసివేయును. మేస్త్రి పాతగోడకు గాట్లుపెట్టి గచ్చుపూయుట మేలే. ఆ గాట్లకు గోడ పైపెచ్చే వదులైనచో, గచ్చు దానితోకూడ రాలిపోవునుగదా!

నా గతియు నట్లే యైనది. రెండు తునుకలకును జిగురుతో రెజినును అంటించి, యంత్రమున బిగించి లాగగా, డ్రిల్లుతో చెక్కిన తునుక చాలసేపు ఓర్చుకొనెను. లేజరు తాకిన తునుక ముందుగా వీడెను. జిగురు తెగలేదు, దానిక్రింద వేడికి చెడిన నా పొరయే తెగినది.

ఇంతమాత్రమున లేజరును నిందించుట న్యాయము గాదు. డ్రిల్లు రొదకు జడిసి నోరు తెరువని పిల్లలకు అది గొప్ప యుపకారము. పరిశోధనల ఫలితములును కిరణశక్తి, నీటితుంపర, జిగురు రకము వీనినిబట్టి మారుచున్నవి. తుదిచెక్కడమున శక్తిని తగ్గించి, నీటిని ధారాళముగా చిమ్మినచో చెడిన పొర పలుచనగును. కాల్షియముతో రసాయనబంధము కట్టగల ఎండీపీ అణువుగల జిగురులు కొల్లాజెను వలనే నమ్ముకొని యుండవు గనుక, వానియందు నాకు ఆశ మెండు. ఎనామెలు అంచున మాత్రము, లేజరు ఎంత గరుకుచేసినను, ఆమ్లపుపూత మానరాదు. అందులకు 15 మొదలు 30 సెకనులు చాలును.