ఎనిమిదింటికి సిరప్పు, తొమ్మిదింటికి స్కూలు

మూడేళ్ల పిల్లలకు జ్వరం రాకూడని రోజులు కొన్నున్నాయి. నాన్నకు రివ్యూ మీటింగున్న సోమవారం. అమ్మకు బ్యాంకులో పని తెమలని నెలాఖరు. ప్లేస్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ పెట్టిన రోజు. ఆ రోజుల్లో వచ్చినదాన్ని జ్వరం అనరు, 'కాస్త ఒళ్లు వెచ్చబడింది' అంటారు. వెచ్చబడిన ఒంటికి ఓ మూతెడు పారాసిటమాల్ పట్టించి, స్వెట్టర్ తొడిగి, బ్యాగు తగిలించి ఆటో ఎక్కిస్తారు.

'మందు పడింది, తగ్గిపోయింది' అన్నది వాళ్ల వాదన. తగ్గింది థర్మామీటర్లో అంకె. వైరస్‌కు ఆ కబురు అందలేదు. అది హాయిగా స్కూలుకెళ్లి, ఒకే క్రేయాన్‌ను నలుగురు నోట్లో పెట్టుకునే చోట కొత్త స్నేహాలు చేసుకుంటుంది. పారాసిటమాల్ ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలు. ఎనిమిదింటికి పోస్తే పన్నెండున్నరకు వదిలే ప్లేస్కూలుకు ముహూర్తం పెట్టినట్టు సరిపోవాలి. ఒక్కోసారి ముహూర్తం తప్పుతుంది. పదకొండున్నరకే ఫోను మోగుతుంది.

"మేడమ్, బాబు ఒళ్లు కాలిపోతోందండీ."

"అయ్యో! పొద్దున శుభ్రంగా ఆడుకున్నాడే!"

ఈ ఒక్క డైలాగుకు మన తల్లిదండ్రుల్లో ఎవరికైనా నంది అవార్డు ఇచ్చేయొచ్చు. అవతల ఆయమ్మ బాబు మూతి తుడుస్తూ ఉంటుంది. పెదవి మూల గులాబీ రంగు చార ఎండిపోయి ఉంది, దగ్గరికి వంగితే స్ట్రాబెరీ వాసన. ఎన్నింటికి పోశారో కూడా ఆవిడ చెప్పగలదు.

సాయంత్రం దాకా డేకేర్లో ఉండే పిల్లలది ఇంకో అంకం. సీసా బ్యాగులోనే వస్తుంది, 'మధ్యాహ్నం ఒక మూత పోయండి' అన్న చీటీతో. ఏ సీసాకు ఒక మూత? షాపుల్లో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములున్నదీ దొరుకుతుంది, 250 ఉన్నదీ దొరుకుతుంది. మూత మారకపోయినా మందు రెట్టింపవుతుంది. పిల్లాడి బరువు చూసి డాక్టరు లెక్కగట్టాల్సిన మోతాదును, ఇరవై మందికి అన్నాలు తినిపిస్తున్న ఆయమ్మ చేతిలో పెట్టి మీటింగుకు వెళ్లిపోతాం.

స్కూళ్లు తక్కువ తిన్నాయా? ముక్కు కారుతుంటే గేటు దగ్గరే ఆపేస్తారు. ఈ వయసు పిల్లలకు ఏడాదికి ఆరేడు జలుబులు మామూలే. జ్వరం లేకుండా హుషారుగా ఆడుతున్నవాణ్ని జలుబుకని ఆపితే వాడు చదివేది సగం ఏడాదే, ఫీజు మాత్రం నిండుగా కట్టాలి. చీమిడి పచ్చబడితే 'యాంటీబయాటిక్ వేయించి పంపండి' అని ప్రిస్క్రిప్షన్ కూడా వాళ్లే చెబుతారు. మామూలు జలుబులోనూ చీమిడి పచ్చబడుతుంది, దానికి యాంటీబయాటిక్ చేసేదేమీ లేదు. ఇంత జాగ్రత్తపరులూ యాన్యువల్ డే నాడు నూరు శాతం హాజరుకు మెడల్ ఇస్తారు. మూడేళ్లవాడు ఏడాదంతా ఒక్క రోజూ మానలేదంటే ఆ మెడల్ వేయాల్సింది సిరప్పు సీసా మెడలో.

నిజానికి ఇంట్లో ఉంచాల్సిన సందర్భాలు పలకమీద రాసేటన్నే. 100.4 ఫారెన్‌హీట్ దాటిన జ్వరం. అది మందు లేకుండానే తగ్గి 24 గంటలు గడవాలి. వాంతులు, విరేచనాలు. వాడు ఆడలేక ఒళ్లో వాలిపోతున్న రోజు, థర్మామీటర్ ఏమన్నా సరే. అరచేతుల్లో, అరికాళ్లలో, నోట్లో పొక్కులొస్తే అది 'వేడి చేయడం' కాదు, హ్యాండ్ ఫుట్ మౌత్. మజ్జిగ పట్టించి పంపితే వారం తిరిగేసరికి క్లాసంతా మజ్జిగ తాగుతుంది. ఆటలమ్మ పోస్తే పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా గడప దాటకూడదు. వైరస్ పేరెరగని కాలంలో గుమ్మానికి వేపమండలు కట్టి, తలకు నీళ్లు పోసేదాకా పిల్లాణ్ని వీధిలోకి వదిలేవారు కాదు. అమ్మవారికి భయపడి చేసినా, చేసింది క్వారంటీనే. మనకు వైరస్ పేరు తెలుసు, భయం మాత్రం మేనేజరంటే.

అసలు జబ్బు అక్కడుంది. పిల్లాడికి జ్వరమా కాదా అన్నది థర్మామీటర్ కాదు, అమ్మ లీవ్ బ్యాలెన్స్ తేలుస్తుంది. నాన్న బ్యాలెన్స్ ఎవరూ అడగరు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు పిల్లల సంరక్షణ కోసం సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవుంది. మగవాళ్లలో అది ఒంటరి తండ్రికే ఇస్తారు. భార్య ఉన్న తండ్రికి పిల్లాడి జ్వరంతో నిమిత్తం లేదని రూల్స్ పుస్తకమే తేల్చేసింది. ప్రైవేటు ఉద్యోగాల్లో చాలాచోట్ల ఆ పుస్తకమూ లేదు, గోడమీద 'ఫ్యామిలీ ఫస్ట్' పోస్టరే ఉంది. ఈ ఏర్పాటు సాగినంతకాలం సీసాలు ఖాళీ అవుతూనే ఉంటాయి, తల్లులు అబద్ధాలాడుతూనే ఉంటారు.

కాబట్టి, ఒళ్లు కాలుతున్న పిల్లాణ్ని బడికి పంపొచ్చా అని డాక్టర్ను మళ్లీ మళ్లీ అడక్కండి. ఆయన చెప్పాల్సింది ఏనాడో చెప్పేశాడు. అడగాల్సింది మేనేజర్ను. వాళ్ల పాప కూడా అదే ప్లేస్కూల్లో, మీవాడి పక్క కుర్చీలోనే కూర్చుంటుందని గుర్తుచేసి మరీ అడగండి.