మొహం చూడని చదువు

మా రోజుల్లో బొల్లారం వాళ్లకు భద్రత అంటే కంటికి కనబడేది. రాష్ట్రపతి నిలయం గేటు ముందు తుపాకీ పట్టుకున్న జవాను నిలబడి ఉండేవాడు. కంటోన్మెంటులో ఏ మలుపు తిరిగినా ‘ఎవరు, ఎక్కడికి’ అని అడిగే మనిషి తగిలేవాడు. సికింద్రాబాద్‌లో నేను పనిచేసిన ఆఫీసులో కంప్యూటరు గదికి వెళ్లాలంటే చెప్పులు బయట విడిచి రిజిస్టరులో సంతకం పెట్టాలి. టేపులు పెట్టిన బీరువా తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండేది. దొంగ అనేవాడు వస్తే ఆ తలుపు దాటే రావాలి.

ఇప్పుడు మా మనవరాలు ఆ కాపలా పని మీదే మాస్టర్స్ చదువుతోంది. మేడ మీద గదిలో, ఆఫీసు పని ముగిశాక, రాత్రి పదకొండింటికి. విశ్వవిద్యాలయం ఉన్నది అట్లాంటాలో. జార్జియా టెక్ వాళ్లు 2019 జనవరిలో మొదలుపెట్టిన సైబర్ సెక్యూరిటీ ఆన్‌లైన్ డిగ్రీ అది. మొత్తం ఫీజు పది వేల డాలర్ల లోపేనని ప్రకటించి మరీ మొదలుపెట్టారు. వీసా కోసం నిలబడక్కర్లేదు, ఉద్యోగం మానక్కర్లేదు, తండ్రి స్థలం అమ్మక్కర్లేదు. మన ఐఐటీ కాన్పూర్ కూడా గేట్ రాయకపోయినా చేర్చుకుని ఇదే విషయంలో ఇ-మాస్టర్స్ నడుపుతోంది. మన దేశంలో గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చే ఆన్‌లైన్ డిగ్రీ, కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానమేనని 2022లో యూజీసీ తేల్చి చెప్పింది. చదువు ఇంత చవకగా గుమ్మంలోకి రావడం మంచిదే. అక్కడ నాకు పేచీ లేదు.

నా పేచీ ఆ గది తలుపు దగ్గర మొదలవుతుంది.

దూరవిద్య మాకు కొత్తేమీ కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది మన హైదరాబాద్‌లోనే, 1982లో. తర్వాత దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. దాని తొలి వైస్ చాన్సలర్ జి. రామిరెడ్డిగారినే మూడేళ్ల తర్వాత ఢిల్లీ పిలిపించుకుని ఇగ్నో పెట్టించారు. నేను డిగ్రీ చేసింది హైదరాబాద్‌లోని ఆ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనే, ఉద్యోగం చేసుకుంటూనే. పాఠాలు తెలుగులో అచ్చయి వచ్చేవి. ఆ పుస్తకాలను ఈనాటికీ గ్రూప్స్ రాసే పిల్లలు వెతుక్కుని కొనుక్కుంటారంటే అవి ఎంత శ్రద్ధగా రాసినవో ఊహించుకోండి. రేడియోలో పాఠాలు వచ్చేవి. అన్నిటికన్నా మించి, స్టడీ సెంటర్లో కాంటాక్ట్ క్లాసులు ఉండేవి. సెలవు రోజు పొద్దున్నే బొల్లారం స్టేషన్లో మీటరు గేజి రైలెక్కి వెళ్లేవాణ్ణి. బెంచీ మీద నా పక్కన ఒక బస్సు కండక్టరు, వెనక ఇద్దరు పిల్లల తల్లి, ముందు వరుసలో సెలవు దొరికిన జవాను. కౌన్సిలరు అకౌంటెన్సీ చెబుతూ చెబుతూ మా మొహాలు చూసి ఆగేవారు. ‘అర్థం కాలేదు కదా’ అని చాక్‌పీసు తీసుకుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవారు. ఎవరమూ నోరు తెరిచి అడగాల్సిన పని ఉండేది కాదు.

మా పిల్ల క్లాసులో వందల మంది ఉంటారట. పాఠం ఎప్పుడో రికార్డు చేసి పెట్టిన వీడియో. సందేహం ఉంటే రాసి పెట్టాలి, ఎవరో ఎప్పుడో జవాబిస్తారు. పరీక్ష రోజున మాత్రం కెమెరాకు గదంతా తిప్పి చూపించాలి, తలుపు వేసుకోవాలి, చూపు పక్కకు పోకూడదు. కాపీ కొడుతోందా అని చూడటానికి ఇంత ఏర్పాటు చేసినవాళ్లు, పాఠం అర్థమైందా అని మొహం చూడటానికి ఏమీ చేయలేదు.

లెక్కలో, చరిత్రో అయితే సర్దుకుపోవచ్చు. ఇది తాళాలు ఎలా పగులుతాయో నేర్పే చదువు. ఇంకొకరి యంత్రంలోకి ఎలా దూరాలో తెలియకుండా కాపలా కాయడం రాదు, కాబట్టి అదీ నేర్పుతారు. 1988 నవంబరులో రాబర్ట్ మోరిస్ అనే కుర్రాడు ఒక ప్రోగ్రాం రాసి నెట్‌వర్కులోకి వదిలితే వేల కంప్యూటర్లు మొరాయించాయి. అతను అప్పుడు కార్నెల్ విశ్వవిద్యాలయంలో పీజీ విద్యార్థి. గురువులు ఎదురుగా ఉన్నచోటే అలా జరిగితే, శిష్యుడి స్వభావం ఎవరికీ తెలియని చోట ఏం జరుగుతుందోనని నాకు నిజంగా భయం.

ఇంకో సంగతి. ‘గోడ ఎక్కడ పగులుతుంది బిడ్డా’ అని మనవరాలిని అడిగాను. ‘మనుషుల దగ్గర తాతా’ అంది. నిజమే చెప్పింది. 2022 జనవరిలో హైదరాబాద్‌లో మహేశ్ సహకార బ్యాంకు నుంచి పన్నెండు కోట్ల పైచిలుకు కొట్టేశారు. దర్యాప్తులో తేలిందేమిటి? సిబ్బందికి మెయిళ్లు వచ్చాయి, తెరిచారు, దొంగ లోపలికి వచ్చాడు. ఇప్పుడు ‘డిజిటల్ అరెస్ట్’ అని ఇంకొకటి. పోలీసు యూనిఫాం వేసుకున్నవాడు వీడియో కాల్లో కనబడి, కేసు ఉంది, కదలొద్దు అంటాడు. చట్టంలో అలాంటి అరెస్టే లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రి రేడియోలో చెప్పాల్సి వచ్చింది. మా బొల్లారం, అల్వాల్ నిండా పింఛనుదారులం. జీవితమంతా పైఅధికారి గొంతు వినగానే లేచి నిలబడిన మనుషులం. ఆ దొంగకు కావలసింది సరిగ్గా ఆ అలవాటే.

మరి ఆ గదిలో కూర్చుని చదివే పిల్ల మా వంటివాళ్లతో ఎప్పుడు మాట్లాడుతుంది? నెట్‌వర్కులో ప్రతి ప్యాకెట్టూ విప్పి చూడటం ఆమెకు వచ్చు. పక్కింటి రిటైర్డ్ సుబేదారు ఓటీపీ ఎందుకు చెప్పేశాడో, చెప్పాక సిగ్గుతో ఇంట్లో ఎందుకు దాచాడో ఏ వీడియోలోనూ లేదు. ఆమె సిలబస్ అంతా ఇంగ్లీషు, మా వీధిలో భయం తెలుగులోనూ దక్కనీలోనూ ఉంటుంది. ఫోను ఎత్తిన మొదటి నిమిషంలో మనిషికి ఏమవుతుందో తెలిస్తే కదా దానికి అడ్డు కట్టగలిగేది!

అందుకే ఈ డిగ్రీలు ఇచ్చేవాళ్లను అడుగుతున్నాను. వీడియోలు ఉంచుకోండి, కెమెరాలు ఉంచుకోండి. మా కాంటాక్ట్ క్లాసులు మాత్రం తిరిగి తెండి. ఇక్కడికి కూతవేటులో శామీర్‌పేట దగ్గర బిట్స్ క్యాంపస్ ఉంది, గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ ఉంది. ఆదివారాలు నాలుగు గదులు తెరిస్తే చాలు, ఏ ఊరి విశ్వవిద్యాలయం విద్యార్థులైనా వచ్చి కూర్చుంటారు. ప్రతి విద్యార్థినీ ఒక నెల బ్యాంకు కౌంటరు పక్కన, ఇంకో నెల సైబర్ మోసాల ఫిర్యాదులకు పెట్టిన 1930 నంబరుకు వచ్చే ఫోన్లు తీసుకునే చోట కూర్చోబెట్టండి. డబ్బు పోయిన గంటలోపు ఆ నంబరుకు చెబితే, దొంగ తీసుకోకముందే ఖాతాలో ఆపించే వీలుంటుంది. ఆ గంటలో ఏడుస్తున్న మనిషి చేత ఖాతా నంబరు, బ్యాంకు పేరు, లావాదేవీ నంబరు చెప్పించడం ఎలాగో నేర్పండి. దానికి మార్కులు వేయండి, తప్పితే డిగ్రీ ఆపండి.