మిగులు

2022 మార్చి 22న పెట్రోలు ధర కదిలింది. అయిదు రాష్ట్రాల ఎన్నికలు అయ్యేదాకా నాలుగున్నర నెలల పాటు ఉలుకూ పలుకూ లేకుండా పడున్న ధర అది. కదిలాక ఇక ఆగలేదు. ఏప్రిల్ 6 దాకా 16 రోజుల్లో 14 సార్లు పెరిగింది. పొద్దున్న ఆరింటికి బంకులో అంకె మారేది. భీమవరంలో లీటరు 120 దాటింది.

వంద కొట్టమనేవాళ్ళు వందే కొట్టమన్నారు. బండి ఆగిపోయే చోటు మాత్రం ఇంటికి కాస్త దూరం జరిగింది.

ప్రెసిడెంటుగారు వంద కొట్టించే మనిషి కాదు. ఎప్పుడో ఒకసారి సర్పంచిగా చేశారు. పదవి పోయింది, పిలుపు ఉండిపోయింది. ఉండి దగ్గర రొయ్యల చెరువులు, జువ్వలపాలెం రోడ్డులో మేడ, పోర్టికోలో తెల్ల కాంటెస్సా. చెరువుల మీదికి వెళ్ళడానికి డీజిలు బండి వేరే ఉంది. దాన్ని ఎవరు నడిపినా ఆయనకి పట్టదు. కాంటెస్సా సంగతి వేరు. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు ఆ కారు చేయడం మానేసి అప్పటికి 20 ఏళ్ళయింది. చిన్న రబ్బరు ముక్క పోయినా చెన్నైలో పుదుపేట వెళ్ళి పాత సామాన్ల కొట్లు గాలించి తేవాలి. తెచ్చేవారు. ఇసుజు ఇంజను అని చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది.

ఆ కారు లీటరుకి ఎనిమిది ఇస్తుంది. ఎనిమిదిన్నర ఇచ్చిన రోజు ఇంటికి స్వీటు వచ్చేది.

కాంటెస్సా స్టీరింగు పట్టుకునే హక్కు ఆయన కాక ఇంకొక్కరికే ఉంది. ఆ డ్రైవరుది వీరవాసరం. రోజూ టీవీయస్ ఎక్సెల్ మీద 12 కిలోమీటర్లు వచ్చి, సాయంత్రం మళ్ళీ 12 కిలోమీటర్లు వెళ్ళేవాడు. పద్నాలుగోసారి ధర పెరిగిన మర్నాడు కారు తుడుస్తూ, తుడిచే గుడ్డ వంకే చూస్తూ, నెలకి ఇంకో 500 వేస్తే బాగుంటుందని అడిగాడు.

"పెట్రోలు నీకొక్కడికే పెరిగిందేంట్రా?" అన్నారు ప్రెసిడెంటుగారు. "దీని తాగుడు ముందు నీ ఎక్సెల్ తాగేది ఉగ్గుపాలు. అందరం సర్దుకోవాలి మరి."

"ఆయ్," అన్నాడు డ్రైవరు.

సర్దుకోవడం ఆ ఆదివారమే మొదలైంది.

యానాం పుదుచ్చేరిది. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ కింద ఉన్న ఊరు. చుట్టూ ఆంధ్రా, పన్ను మాత్రం పుదుచ్చేరి పన్ను. ఆంధ్రాలో పెట్రోలు మీద 31 శాతం వ్యాటు, ఆపైన లీటరుకి 4 రూపాయలు, రోడ్ల సెస్సు ఇంకో రూపాయి. 2021 నవంబరులో కేంద్రం సుంకం తగ్గించినప్పుడు పుదుచ్చేరి తన వ్యాటు కూడా తగ్గించుకుంది. ఆంధ్రా తగ్గించలేదు. ప్రెసిడెంటుగారు యానాంలో ఉన్న మేనల్లుడికి ఫోను చేసి రేటు కనుక్కున్నారు. లీటరుకి 14 రూపాయలు తేడా తేలింది.

"పదరా," అన్నారు.

భీమవరం నుంచి యానాం వంద కిలోమీటర్లకి అటూఇటూగా ఉంటుంది. చించినాడ దగ్గర వశిష్ఠ దాటాలి, బోడసకుర్రు దగ్గర వైనతేయ దాటాలి, ఎదుర్లంక దగ్గర గౌతమి దాటాలి. మూడు గోదావరులు దాటితే 14 రూపాయలు.

ప్రెసిడెంటుగారి దగ్గర రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి కారు డ్యాష్‌బోర్డులో. ఎన్ని లీటర్లు పోశాం, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, మైలేజీ ఎంత, అన్నీ అందులో ఉండేవి. రెండోది బీరువాలో, పచ్చ అట్టది. ఏ సరుకు ఎక్కడ ఎంత తక్కువకి కొన్నదీ, దానివల్ల ఎంత మిగిలిందీ అందులో రాసేవారు. రొయ్యల మేత నుంచి రాగి తీగ దాకా అందులో ఉంది. రెండు పుస్తకాలూ ఒకే బల్ల మీదికి ఎప్పుడూ రాలేదు.

ఆ ఆదివారం ఏప్రిల్ 10, శ్రీరామనవమి. డ్రైవరు పెందలాడే వచ్చాడు. ఎక్సెల్ రిజర్వులో పడి రెండు రోజులైంది. పోర్టికో పక్కన స్టాండు వేస్తూ బండిని ఒకసారి ఊపి చూశాడు. చప్పుడు పెద్దగా రాలేదు. లీటరు పట్టే ఖాళీ నీళ్ళ సీసా ఒకటి డిక్కీలో పడేశాడు.

"అదెందుకురా?"

"ఎలాగూ వెళ్తున్నాం కదండీ. నాకూ ఓ లీటరు."

ప్రెసిడెంటుగారు మెచ్చుకున్నారు. "అదీ లెక్కంటే."

దారంతా నవమి పందిళ్ళు. పాలకొల్లు దాటాక ఒకచోట పానకం ఇచ్చారు. ప్రెసిడెంటుగారు అద్దం దించి ఒక గ్లాసు తాగి, ఇంకొకటి డ్రైవరుకి ఇప్పించారు. ఆయన పెట్టేచోట లోటు చేసే మనిషి కాదు. యానాంలో భోజనం కూడా తను తిన్న హోటల్లోనే, తన బల్ల దగ్గరే పెట్టించారు.

బంకులో వరస చాలా దూరం ఉంది. కాకినాడ బళ్ళు, అమలాపురం బళ్ళు, ముమ్మిడివరం ఆటోలు. కాంటెస్సా వంతు వచ్చేసరికి వరసలో కుర్రాళ్ళు నలుగురు చుట్టూ మూగి ఫోటోలు తీసుకున్నారు. ప్రెసిడెంటుగారు బానెట్ ఎత్తి చూపించారు. బంకు కుర్రాడు జీరో చూసుకోమన్నాడు. చూసుకున్నారు. 50 లీటర్లు పట్టింది. మూతి దాకా కొట్టించి, కారుని కాస్త ఊపించి, ఇంకో చుక్క కొట్టించారు.

సీసాల్లో పోయబడదని బోర్డు ఉంది. దాని కిందే నిలబడి డ్రైవరు సీసా పట్టించుకున్నాడు. డబ్బు తన జేబులోంచి ఇచ్చాడు. బిరడా బిగించి, పాత గుడ్డ చుట్టి, డిక్కీలో స్టెపినీ పక్కన పొర్లకుండా ఒత్తి పెట్టాడు.

భీమవరంలో యానాం వెళ్ళొచ్చామంటే అర్థం వేరు, మందు తెచ్చామని. అది పోలీసులకీ తెలుసు. ఎదుర్లంక వంతెన దిగాక కారు ఆపారు. డిక్కీ తెరవమన్నారు. కానిస్టేబులు సామాను అంతా కెలికి, గుడ్డ చుట్టిన సీసా బయటికి తీశాడు. ఎండకి ఎత్తి చూశాడు. లోపల నారింజ రంగు.

"ఏంటిది, పానకమా?"

"పెట్రోలండీ."

నమ్మలేదు. బిరడా తీసి వాసన చూశాడు. మొహం పక్కకి తిప్పుకుని సీసా వెనక్కి ఇచ్చేశాడు. ఇంత ఖరీదైన సరుకు పట్టుకోమని తమకి ఆర్డర్లు లేవన్నాడు. ప్రెసిడెంటుగారు కడుపుబ్బా నవ్వారు.

అమలాపురంలో ఊరేగింపు అడ్డొచ్చి కారు అరగంట నిలబడిపోయింది. ఏసీ ఆపలేదు. మధ్యాహ్నపు ఎండ. బోడసకుర్రు వంతెన ఎక్కుతుండగా కాంటెస్సా రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

డ్రైవరు బానెట్ ఎత్తాడు. ఇలాంటి పాత కార్లలో పెట్రోలు పంపు ఇంజనుకి అంటుకునే ఉంటుంది. వేడెక్కితే పెట్రోలు లోపలే ఆవిరై పంపు లాగడం మానేస్తుంది. ట్యాంకు నిండా పెట్రోలు, కార్బురేటరులో చుక్క లేదు. తువ్వాలు తడిపి పంపు మీద వేశాడు. అది చూస్తుండగానే ఆరిపోయింది. మళ్ళీ తడిపాడు. సెల్ఫు కొట్టి కొట్టి బ్యాటరీ మూలగడం మొదలెట్టింది.

"కార్బురేటరులో కాస్త పెట్రోలు పోస్తే అందుకుంటుందండీ. ట్యాంకులోంచి లాగాలి. గొట్టం మూరెడే ఉంది, అందదు."

"నీ సీసా ఉందిగా," అన్నారు ప్రెసిడెంటుగారు.

డ్రైవరు కాసేపు ఇంజను వంక చూశాడు. తర్వాత డిక్కీ తెరిచి, గుడ్డ విప్పాడు.

మొదటిసారి పోస్తే అందుకుని ఆగిపోయింది. రెండోసారి వంతెన ఎక్కి ఆగిపోయింది. పోస్తున్నప్పుడల్లా సగం లోపలికి పోయేది, సగం వేడి ఇనుము మీద పడి పొగలా లేచిపోయేది. డ్రైవరు సీసాని కళ్ళ ఎత్తున పట్టుకుని ఎంత మిగిలిందో చూసుకుంటూ పోశాడు. నాలుగోసారికి పంపు లాగడం మొదలెట్టింది. అప్పటికి సీసా ఖాళీ. ఖాళీ సీసాకి మళ్ళీ బిరడా బిగించి డిక్కీలోనే పెట్టాడు.

"చూశావా, ఇసుజు ఇంజను," అన్నారు ప్రెసిడెంటుగారు.

పొద్దు వాలుతుండగా కారు వీరవాసరం మీదుగా వచ్చింది. డ్రైవరు ఇల్లు రోడ్డు పక్కనే. గుమ్మంలో పిల్లలు కారుని చూసి చేతులూపారు. కారు ఆగలేదు. దాన్ని భీమవరం చేర్చి, కడిగి, కవరు కప్పి, అప్పుడు ఎక్సెల్ మీద ఇదే దారిన వెనక్కి రావాలి.

కవరు కప్పాక డ్రైవరు ఎక్సెల్ తొక్కాడు. ఊపి తొక్కాడు. పడుకోబెట్టి లేపి తొక్కాడు. తర్వాత పోర్టికో మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అయ్యగారండీ, పెట్రోలు లేదండీ. కార్లోంచి ఓ లీటరు తీసుకుంటానండీ. ఇంట్లో పెద్ద గొట్టం ఉందండీ."

"ట్యాంకు ముట్టుకోకు," అన్నారు ప్రెసిడెంటుగారు కంగారుగా. "మూతి దాకా నింపింది మైలేజీ చూద్దామనేరా. లీటరు బయటికి తీస్తే లెక్క పోద్ది."

వంతెన మీద పోసిన లీటరు ఆ లెక్కలోకి రాలేదు. డ్రైవరు గుర్తు చేయలేదు. అక్కడే నిలబడ్డాడు.

ప్రెసిడెంటుగారు కాసేపు ఆలోచించారు. "అలాగని నీ సొమ్ము నాకొద్దు," అన్నారు. లోపలికి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకుని వచ్చారు. జేబులోంచి యానాం బిల్లు తీసి, మడత విప్పి, దీపం కిందకి జరిగి లీటరు రేటు చూశారు. పర్సులోంచి నోట్లూ చిల్లరా లెక్కపెట్టి డ్రైవరు చేతిలో పెట్టారు. రేటులో పైసలున్నాయి. వాటిని తగ్గించలేదు, పై రూపాయికి సర్ది ఇచ్చారు.

"సరిపోయిందా? నువ్వు పెట్టిందానికి పైసా తగ్గలేదు."

"ఆయ్," అన్నాడు డ్రైవరు.

బంకు దాకా బండి తోసుకుంటూ వెళ్ళాడు. పిడికిట్లో ఉన్నదంతా ఇచ్చి కొట్టమన్నాడు. మీటరు లీటరు దాకా రాకుండానే ఆగిపోయింది.

ఆ రాత్రి భోజనమయ్యాక ప్రెసిడెంటుగారు బీరువా తెరిచి పచ్చ పుస్తకం తీశారు. తేదీ వేసి, 50 లీటర్లు, మిగులు 700 అని రాశారు. పుస్తకం మూయబోయి, ఏదో గుర్తొచ్చి, దాని కింద ఇంకో వరస రాశారు. డ్రైవరు దగ్గర కొన్నది, 1 లీటరు, యానాం రేటుకి. మిగులు 14.